పట్టుపురుగు వైరస్ గడప దాటే క్షణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పట్టుకోవడం ఎలా?

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ గదిలోకి చేరే సరికి మీ నమూనాలో ప్రాణం ఉండదు. గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంలో బిగిసి, ఆస్మియం అనే మరో రసాయనంతో నల్లబడి, నీరంతా పోగొట్టుకుని, ప్లాస్టిక్ దిమ్మలో కూరుకుపోయి ఉంటుంది. మీరు చూడాలనుకున్నది మాత్రం కదలిక: ఒక కణంలో పుట్టిన వైరస్ పక్క కణంలోకి దాటడం. ఈ చిక్కును ముందే ఒప్పుకుంటే పని సగం తేలికవుతుంది. మైక్రోస్కోప్ ముందు కూర్చునే రెండు గంటల్లో ఏమీ తేలదు. అంతకు ముందు గడిచే పది రోజుల్లోనే ఫలితం తేలిపోతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఆ పది రోజులకే ఇస్తున్నాను.

మీరు హైదరాబాద్‌లో ఎంఎస్సీ ప్రాజెక్టో, పీహెచ్‌డీయో చేస్తున్నారనీ, కణాలు పెంచే సౌకర్యం ఉండి సొంత ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లేని ల్యాబ్‌లో ఉన్నారనీ అనుకుంటున్నాను. మనలో ఎక్కువ మంది పరిస్థితి అదే.

ముందు వైరస్‌ను ఎంచుకోండి

మనుషులకు సోకే వైరస్‌తో మొదలుపెట్టకండి. నా సలహా పట్టుపురుగుల ఎన్‌పీవీ (న్యూక్లియర్ పాలిహెడ్రోసిస్ వైరస్), అంటే గ్రాసరీ రోగం తెచ్చే బాకులోవైరస్, కీటకాలకు సోకే రకం. హిందూపురం వైపు పట్టు రైతులకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. పురుగు ఒళ్ళు ఉబ్బుతుంది, చర్మం చిట్లితే పాలలాంటి ద్రవం కారుతుంది, చూస్తుండగా తట్టలకు తట్టలు పోతాయి. మనుషులకు మాత్రం హాని చేయదు. మన ఊరికి దీనితో పాత పరిచయమే ఉంది. ఇప్పుడు ఉప్పల్‌లో ఉన్న డీఎన్‌ఏ పరిశోధనా సంస్థ సీడీఎఫ్‌డీకి చెందిన జె. నాగరాజు బృందం ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్ పద్ధతిలో, అంటే వైరస్ జన్యువుల నోరు నొక్కి, ఈ వైరస్‌ను తట్టుకునే పట్టుపురుగులను తయారు చేసింది.

ఈ వైరస్‌ను ఎంచుకోవడానికి అంతకన్నా గట్టి కారణం ఇంకొకటి ఉంది. దీనికి రెండు రూపాలు. ఒకటి పక్కింటికి వెళ్ళే రూపం, రెండోది ఊరు దాటే రూపం. మొదటిది కణం పొరను చుట్టుకుని మొగ్గలా బయటికి వస్తుంది, పురుగు ఒంట్లోనే కణం నుంచి కణానికి పాకుతుంది. రెండోది కేంద్రకంలోనే ఉండిపోయి పాలిహెడ్రా అనే ప్రోటీన్ స్ఫటికాల్లో సర్దుకుంటుంది. మూత బిగించిన టిఫిన్ డబ్బా అనుకోండి. పురుగు చచ్చాక ఆ డబ్బా మల్బరీ ఆకు మీద పడుతుంది, మరో పురుగు ఆకుతోపాటు దాన్నీ తింటుంది, దాని పొట్టలోని క్షార రసాలకు మూత ఊడుతుంది. కణాల మధ్య వ్యాప్తి మీ ప్రశ్న అయితే మీకు కావలసింది మొదటి రూపమే. పాలిహెడ్రా పెద్దవి, అందమైనవి, కెమెరాను లాగేస్తాయి. వాటి వెనక పడి అసలు పని మరిచిపోయిన థీసిస్‌లు నేను చూశాను.

మామూలు మైక్రోస్కోప్ ఎందుకు చాలదంటే, కాంతితో సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూడలేం. ఎన్‌పీవీ న్యూక్లియోకాప్సిడ్, అంటే ప్రోటీన్ తొడుగులో ఉన్న దాని జన్యుపదార్థం, కడ్డీలా ఉంటుంది. పొడవు 250 నుంచి 300 నానోమీటర్లు ఉన్నా మందం సుమారు 50 మాత్రమే. జర్మనీలో 1931లో మాక్స్ నోల్, ఎర్నెస్ట్ రుస్కా కలిసి మొదటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కట్టారు. రుస్కా తమ్ముడు హెల్ముట్ వైద్యుడు, ఆ యంత్రాన్ని వైరస్‌ల వైపు తిప్పినవాడు. 1939లో పొగాకు మొజాయిక్ వైరస్ కడ్డీల చిత్రాలు వెలువడ్డాయి. ఎర్నెస్ట్‌కు నోబెల్ రావడానికి 1986 దాకా పట్టింది. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ కేంద్రానికి రుస్కా ల్యాబ్స్ అనే పేరు చూసి అదేమిటా అనుకున్న వాళ్ళకు జవాబు ఇదే.

కణాలను పొరగానే ఉంచండి

పట్టుపురుగు అండాశయం నుంచి తీసిన బీఎంఎన్ కణాలు 27 డిగ్రీల దగ్గర పెరుగుతాయి. కార్బన్ డయాక్సైడ్ అక్కర్లేదు. చలికాలంలో ఇదంతా హాయిగా సాగుతుంది. మే నెలలో మాత్రం గది వేడి 35 దాటుతుంది, వేడిచేయడం మాత్రమే తెలిసిన ఇంక్యుబేటర్ అప్పుడు పనికిరాదు. చల్లబరిచే బీఓడీ ఇంక్యుబేటర్ కావాలి. దానికి జనరేటర్ కనెక్షన్ ఉందో లేదో ప్రయోగానికి ముందే చూసుకోండి, మధ్యలో కాదు.

చాలా చోట్ల నేర్పే పద్ధతి ఇది: కణాలను గోకి, ట్యూబులో వేసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరిన ముద్దను ఫిక్స్ చేయడం, అంటే రసాయనంతో ఉన్నది ఉన్నట్టు బిగించడం. కణం లోపలి సంగతులకు అది చాలు. మన ప్రశ్నకు మాత్రం అది విషం. ముద్దలో పక్కపక్కన కనిపించే రెండు కణాలు బతికుండగా ఇరుగుపొరుగువి కాకపోవచ్చు. సెంట్రిఫ్యూజ్ వాటిని బస్సు జనంలా ఒకదానిమీద ఒకటి నొక్కేసి ఉండవచ్చు. వాటి మధ్య కనిపించే వైరస్ దాటుతోందా, ఇరుక్కుపోయిందా? ఎవరూ చెప్పలేరు. కాబట్టి కణాలను పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్ మీద పెంచండి. థర్మానాక్స్ కవర్‌స్లిప్ గానీ ఆక్లార్ ఫిల్మ్ గానీ సరిపోతుంది. బీఎంఎన్ కణాలు గట్టిగా అంటుకోవు, కాస్త గట్టిగా మీడియం పోస్తే లేచిపోతాయి. ఫిల్మ్‌కు ముందే పాలీలైసిన్ పూత పూయండి.

ఎంత వైరస్, ఎన్ని గంటలు

ఇక్కడ రెండు దారులున్నాయి, రెండూ నడవాలి. కణానికి ఐదు వైరస్‌ల చొప్పున వేస్తే వెయ్యి కణాల్లో దాదాపు ఏడు మాత్రమే తప్పించుకుంటాయి. అన్నీ ఒకేసారి జబ్బుపడతాయి కాబట్టి ఏ గంటకు ఏం జరుగుతుందో ఈ దారిలో తెలుస్తుంది. కానీ అన్ని ఇళ్ళూ ఒకేసారి తగలబడితే మంట ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి పాకిందో ఎలా చెబుతారు? అందుకే రెండో దారి. పది కణాలకు ఒక వైరస్ చొప్పున వేయండి. పదింట ఒకటి కన్నా కాస్త తక్కువ కణాలే మొదట జబ్బుపడతాయి, చుట్టూ ఆరోగ్యంగా ఉన్న పొరుగు మిగులుతుంది. దాటడం అనేది చూడగలిగేది అక్కడే.

వైరస్ పోసి గంట ఆగి, కడిగి, కొత్త మీడియం పోసిన నిమిషాన్ని సున్నాగా రాసుకోండి. కొత్త వైరస్ బయటికి రావడం సుమారు 12 గంటల తర్వాత మొదలవుతుంది, పాలిహెడ్రా బాగా కనిపించడానికి ఒక రోజు దాటుతుంది. మీ దగ్గరున్న వైరస్ కాస్త అటూఇటూ నడవవచ్చు కనుక మొదటిసారి 12, 18, 24, 36, 48 గంటలకు తలా ఒక ఫిల్మ్ తీయండి. పోల్చి చూడటానికి వైరస్ వేయని ఫిల్మ్‌లూ, అంటే కంట్రోల్, అన్ని గంటలకూ ఉండాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు కంట్రోల్ ఎందుకు, కంటికే కనిపిస్తుంది కదా అని ఎవరైనా అంటే వినకండి. ఎందుకో కింద చెబుతాను.

ఫిక్సేషన్: చేయి వణకకూడని చోటు

25 శాతం గ్లూటరాల్డిహైడ్ ఒక వంతు, బఫర్ (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం) తొమ్మిది వంతులు కలిపితే 2.5 శాతం వస్తుంది. బఫర్ 0.1 మోలార్ ఫాస్ఫేట్ అయితే చాలు, పీహెచ్ 7.3 దగ్గర ఉండాలి. కాకోడైలేట్ మంచిదే గానీ అందులో ఆర్సెనిక్ ఉంటుంది, తప్పనిసరైతే తప్ప వద్దు. గ్లూటరాల్డిహైడ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ కోసం అమ్మే రకం, సీలు వేసిన ఆంప్యూల్‌లో వచ్చేదే కొనండి. షెల్ఫ్‌లో రెండేళ్ళుగా ఉన్న పచ్చబడిన సీసా వైపు చూడనే చూడకండి.

ఫిక్సేటివ్‌ను కణాల వేడికి, అంటే 27 డిగ్రీలకు తెచ్చి పోయండి. చల్లగా పోస్తే కణాల లోపలి మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నని గొట్టాలు విడిపోతాయి. మీడియం పూర్తిగా లాగేసి ఫిక్సేటివ్ వెతుక్కోవడం ఇంకో పొరపాటు. ఆ పది సెకన్లలో కణం అంచులు ఎండి ముడుచుకుంటాయి, మనకు కావలసిందేమో ఆ అంచులే. సగం మీడియం తీసి, అంతే పరిమాణంలో రెట్టింపు గాఢత ఉన్న ఫిక్సేటివ్‌ను గోడ వెంబడి మెల్లగా వదలండి. కొద్ది నిమిషాల తర్వాత 2.5 శాతం ద్రావణంతో మార్చండి. గది వేడిలో గంట ఉంచి, తర్వాత రాత్రంతా 4 డిగ్రీల దగ్గర పెట్టండి.

నాలుగు డిగ్రీలు అంటే నాలుగే. నాతో పనిచేసిన ఒక కుర్రాడు నమూనాలు భద్రంగా ఉంటాయని డీప్ ఫ్రీజర్‌లో పెట్టాడు. ఆరు వారాల పని. మైక్రోస్కోప్‌లో కణానికి బదులు జల్లెడ కనిపించింది. మంచు స్ఫటికాలు ప్రతి పొరనూ చీల్చేశాయి. మైక్రోస్కోప్ ఉన్న చోటికి తీసుకెళ్ళేటప్పుడూ ఇదే జాగ్రత్త. హబ్సిగూడ నుంచో, గచ్చిబౌలి నుంచో రాజేంద్రనగర్ వెళ్తుంటే ట్యూబులను బఫర్‌తో నిండా నింపి, ఐస్ ముక్కలకు నేరుగా తగలకుండా థర్మోకోల్ డబ్బాలో నిలబెట్టండి. ట్రాఫిక్‌లో రెండు గంటలు పట్టినా ఏమీ కాదు, నమూనా అప్పటికే బిగిసిపోయింది. హబ్సిగూడలోని కణ జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీలోనూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ విభాగం ఉంది. ఎక్కడికి వెళ్ళినా మొదటి నమూనాకు ముందే ఫోను చేసి వాళ్ళ పద్ధతి, ఫీజు, ఏ దశ నుంచి వాళ్ళు చేస్తారో కనుక్కోండి. చాలా చోట్ల ఫిక్సేషన్ దాకా మీ పని, ఆ తర్వాతది వాళ్ళ పని.

ఆస్మియం, ఆల్కహాల్, రెసిన్

మీరే చేయాల్సి వస్తే సంగతులు కొన్ని. ఒక శాతం ఆస్మియం టెట్రాక్సైడ్‌లో గంట. కొవ్వు పొరలను పట్టుకుని వాటికి నలుపునిచ్చేది ఇదే, దీని ఆవిరే కంటి పొరనూ పట్టుకుంటుంది. ఫ్యూమ్ హుడ్ బయట మూత తీయవద్దు. మిగిలినది సింకులో పోయవద్దు. దానికి రెండింతలు మొక్కజొన్న నూనెలో పోస్తే నూనె నల్లబడి ఆస్మియం బంధించబడుతుంది.

తర్వాత 50, 70, 90 శాతం ఆల్కహాల్, ఆపై పూర్తి ఆల్కహాల్ మూడుసార్లు, ఒక్కోసారి పది నిమిషాలు. ప్రొపిలీన్ ఆక్సైడ్ వాడమని పాత ప్రోటోకాల్స్‌లో ఉంటుంది. మీ ఫిల్మ్ పాలీస్టైరీన్ గిన్నెలో ఉంటే గిన్నె కరిగిపోతుంది. ఆల్కహాల్ నుంచే నేరుగా రెసిన్‌కు, అంటే తర్వాత దిమ్మగా గట్టిపడే ప్లాస్టిక్ ద్రవానికి, వెళ్ళండి: సగం సగం, తర్వాత పూర్తి రెసిన్ రాత్రంతా. జూలై, ఆగస్టుల్లో అసలు శత్రువు గాలిలోని తేమ. తెరిచి ఉంచిన ఆల్కహాల్ నీటిని పీల్చుకుంటుంది, రెసిన్ బ్లాక్ రబ్బరులా మెత్తగా మిగులుతుంది. ఆ సీజన్‌లో ప్రతిసారీ కొత్త సీసా తెరవండి. రెసిన్ నింపిన క్యాప్సూల్‌ను ఫిల్మ్ మీద బోర్లించి, 60 డిగ్రీల ఓవెన్‌లో 48 గంటలు ఉంచితే కణాలు బ్లాక్ ముఖానికి అంటుకుని వస్తాయి. ఫిల్మ్ ఒలిచేయవచ్చు.

కోత

ముందు ఒక మైక్రోమీటర్ మందం ముక్క కోసి, టాలుయిడిన్ బ్లూ రంగు వేసి మామూలు మైక్రోస్కోప్‌లో చూడండి. కేంద్రకం ఉబ్బిన కణం పక్కన మామూలు కేంద్రకం ఉన్న కణం, రెండూ ఆనుకుని ఉన్న చోటును వెతకండి. ఆ చోటు తప్ప మిగతా బ్లాకంతా బ్లేడుతో చెక్కేయండి. ఈ ఒక్క అరగంట మైక్రోస్కోప్ దగ్గర మూడు గంటలు మిగులుస్తుంది.

తర్వాత వజ్రపు కత్తితో 60, 70 నానోమీటర్ల ముక్కలు. నీటి మీద తేలే ముక్క వెండి రంగులో మెరిస్తే మందం సరిపోయింది. బంగారు రంగుకు తిరిగితే మందమెక్కువ.

ఇక్కడ ఒక లెక్క మనసులో పెట్టుకోండి. పదిహేను మైక్రోమీటర్ల కణాన్ని 70 నానోమీటర్ల చొప్పున కోస్తే రెండు వందలకు పైగా ముక్కలొస్తాయి. మీరు చూసేది అందులో ఒకటి. అందులో వైరస్ కనిపించలేదంటే కణంలో వైరస్ లేదని అర్థం కాదు. ఆకారం కూడా మోసం చేస్తుంది. దొండకాయను నిలువుగా తరిగితే పొడవు ముక్కలు, అడ్డంగా తరిగితే చక్రాలు, కాయ మాత్రం ఒకటే. ఎన్‌పీవీ కడ్డీ అడ్డంగా తెగితే చిన్న గుండ్రని చుక్క, ఏటవాలుగా తెగితే కోలగా, నిలువుగా దొరికితేనే కడ్డీ. గుండ్రని చుక్కలు చూసి ఇది వేరే వైరస్ అని కంగారు పడకండి. పాలిహెడ్రా గట్టివి కాబట్టి కొన్ని కోతలో ఊడిపోయి తెల్లని రంధ్రాలు మిగులుతాయి, అదీ మామూలే.

రంగు కోసం యురేనైల్ అసిటేట్, తర్వాత లెడ్ సిట్రేట్. మొదటిది స్వల్పంగా అణుధార్మికం, దాని వ్యర్థాలు విడిగా ఉంచాలి. రెండోది మీ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలినా గడ్డకడుతుంది. గిన్నెలో సోడియం హైడ్రాక్సైడ్ బిళ్ళలు కొన్ని పెట్టి, మూత వేసి, మాట్లాడకుండా పని చేయండి. లేకపోతే ముక్కలను మోసే చిన్న లోహపు జాలీ, అంటే గ్రిడ్, అంతా మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, వాటిలో కొన్ని అచ్చం వైరస్‌ల పరిమాణంలో.

మైక్రోస్కోప్ ముందు

తక్కువ మాగ్నిఫికేషన్‌తో, రెండు మూడు వేల రెట్లతో మొదలుపెట్టండి. ఆపరేటర్ మేడమ్‌కు మీ వైరస్ గురించి ముందే రెండు ముక్కలు చెప్పి, ప్రచురితమైన చిత్రం ఒకటి చూపించండి. ఆవిడ కన్ను మీ కన్నా పది వేల గ్రిడ్‌లు ఎక్కువ చూసింది. పెద్దది చేసి తీసే ప్రతి ఫొటోకు ముందు అదే చోటు దూరపు ఫొటో తీయండి. యాభై వేల రెట్లలో అద్భుతంగా ఉన్న వైరస్ ఏ కణం అంచున ఉందో ఇంటికెళ్ళాక ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. కణం పొర దగ్గర ఒక వైరస్ కనిపించింది. అది వెళ్తోందా, వస్తోందా?

బయటికి వెళ్తుంటే న్యూక్లియోకాప్సిడ్ పొర లోపలి వైపు నిలువుగా, కొన తగిలేలా నిలబడుతుంది. అక్కడి పొర కాస్త మందంగా, నల్లగా ఉంటుంది. ఆ తర్వాత పొర వేలిలా ముందుకు పొడుచుకొస్తుంది. బయటపడిన వైరస్ చుట్టూ పొర వదులుగా ఉండి, ఒక కొన దగ్గర జీపీ64 ప్రోటీన్ ముళ్ళు కుచ్చులా కనిపిస్తాయి. లోపలికి వస్తుంటే బొమ్మ వేరు. పొర కిందికి గుంటలా వంగి, ఆ గుంటకు కణం లోపలి వైపు క్లాత్రిన్ అనే ప్రోటీన్ పూత ఉంటుంది. వైరస్ పూర్తి ఆకారంతో గుంటలోనో, కాస్త లోతున తిత్తిలోనో కూర్చుని ఉంటుంది. తిత్తి ఆమ్లంగా మారాక జీపీ64 పొరలను కలిపేస్తుంది, కవచం వదిలిన కడ్డీ బయటపడుతుంది. కాబట్టి ఒక కణం అంచున మొగ్గలు, ఎదురుగా ఉన్న కణం అంచున పూత గల గుంటలు ఒకే ఫొటోలో దొరికితే, ఆ రెండో కణం కేంద్రకం ఇంకా మామూలుగా ఉంటే, దాటడాన్ని మీరు పట్టుకున్నట్టే. ఇలాంటి ఫొటో నాకు నాలుగు నెలల్లో మూడు దొరికాయి. మీకు అంతకన్నా ముందే దొరకాలని కోరుకుంటున్నాను.

పొర నుంచి పొడుచుకొచ్చిన సన్నని వేళ్ళ కొనల్లోనూ వెతకండి. వ్యాక్సీనియా వైరస్ కణంలోని ఆక్టిన్ అనే ప్రోటీన్ తీగలను తోకలా వాడుకుని పక్క కణంలోకి తోసుకెళ్తుందని 1995లో చూపించారు. ఎన్‌పీవీ వర్గానికి చెందిన వైరస్ న్యూక్లియోకాప్సిడ్‌లు కూడా ఆక్టిన్ తోపుతోనే కేంద్రకం వైపు, తర్వాత కణం అంచు వైపు కదులుతాయని 2010లో తెలిసింది. హెచ్ఐవీ పద్ధతి వేరు. సోకిన కణం, సోకని కణం గట్టిగా ఆనుకుని, మధ్యలోని ఇరుకు సందులోకి వైరస్ విడుదలవుతుంది.

కన్ను చేసే మోసం

కంట్రోల్ ఎందుకో ఇప్పుడు చెప్పాలి. ఏ ఆరోగ్యకరమైన కణంలోనైనా వైరస్‌లా కనిపించేవి డజన్ల కొద్దీ ఉంటాయి: పూత గల తిత్తులు, తిత్తుల లోపలి చిన్న తిత్తులు, అడ్డంగా తెగిన కణం వేళ్ళు. 2020లో కోవిడ్ రోగుల కిడ్నీ కణజాలంలో కరోనావైరస్ దొరికిందంటూ ప్రచురించిన చిత్రాల్లో కొన్ని నిజానికి ఇలాంటి తిత్తులేనని అనుభవజ్ఞులు ఎత్తి చూపారు. చేసినవాళ్ళు తెలివితక్కువ వాళ్ళు కారు, వెతికినది దొరకడం కంటి స్వభావం. అదే ఏడాది పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ ఎన్‌ఐవీ కేరళ నమూనా నుంచి కరోనావైరస్ చిత్రం ప్రచురించింది. మొత్తం వెతుకులాటలో దొరికినవి ఏడు కణికలే అని అందులో రాశారు. ఆ ఏడు అనే అంకె నాకు ఆ ఫొటో అంత ఇష్టం.

అందుకని గ్రిడ్‌ల మీద గంటలు రాయకండి, సంకేతాలు రాయండి. ఏ సంకేతం దేనిదో మీ సహచరుడి నోట్‌బుక్‌లో ఉండాలి. ఒక్కో గంటకు కనీసం ముప్ఫై కణాలు, వేరువేరు గ్రిడ్‌ల నుంచి, మొగ్గలెన్ని, గుంటలెన్ని అని లెక్కపెట్టండి. లెక్క పూర్తయ్యాకే సంకేతం విప్పండి. కంట్రోల్‌లో కూడా మీరు "వైరస్‌లు" లెక్కపెట్టినట్టు తేలితే సిగ్గుపడకండి, ఎన్ని లెక్కపెట్టారో అదే మీ పొరపాటు రేటు. దాన్ని పత్రంలో రాయండి.

అనుమానం మిగిలితే జీపీ64 యాంటీబాడీకి పది నానోమీటర్ల బంగారు రేణువులు అతికించి చూడవచ్చు. కానీ దానికి ఫిక్సేషన్ వేరుగా చేయాలి. ఎక్కువ గ్లూటరాల్డిహైడ్, ఆస్మియం తగిలిన బ్లాకులో యాంటీబాడీ పట్టుకునే చోట్లు చాలావరకు పోతాయి. అదే ప్రయోగం నుంచి రెండు ఫిల్మ్‌లు మొదటే పక్కన పెట్టుకుంటే మళ్ళీ కణాలు పెంచే పని తప్పుతుంది.

మిగిలిన బ్లాకులు పారేయకండి, రెసిన్‌కు వయసు లేదు. రెసిన్ పోసేటప్పుడే పెన్సిల్‌తో సంకేతం రాసిన చిన్న కాగితం చీటీ క్యాప్సూల్ గోడ వెంబడి దూర్చండి. పెన్నుతో వద్దు, సిరా రెసిన్‌లో కరిగి పాకిపోతుంది. చీటీ బ్లాకులోనే గట్టిపడుతుంది. ల్యాబ్ మారినా, నోట్‌బుక్ పోయినా, దిమ్మను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మీ చేతిరాత కనిపిస్తుంది.